తాలు కాయ చివరికి ఎవరి కంచంలోకి పోతోంది?

బ్రాడీపేట వంటిల్లు (శనివారం, రాత్రి 9:20)

అందరికీ నమస్కారం. ప్రతి ఎండాకాలంలాగే ఈ వారం ఏడాదికి సరిపడా కారం పట్టిద్దామని బయల్దేరాను. ఇంట్లో ఏడుగురం. ఆవకాయతో కలిపి పది పన్నెండు కిలోలు పడుతుంది. ఎండుమిరపకాయ కొని, డాబా మీద మూడు రోజులు ఎండబెట్టి, తొడిమలు తీసి మిల్లుకి తీసుకెళ్ళాను.

నా ముందు ఒకతను రెండు బస్తాలు దించాడు. సగానికి పైగా తాలు. తెల్లగా, పసుపుపచ్చగా పాలిపోయిన కాయ. ఊరికే ఒకటి తీసి విరిచి చూశాను. లోపల గింజల చుట్టూ బూడిద రంగు బూజు. ఇంకోటి విరిచాను, అదీ అంతే. మిల్లు అబ్బాయి దాంట్లో కొంచెం ఎర్ర కాయ కలిపి పట్టేశాడు. కిందికి దిగిన పొడి చూస్తే మామూలు కారమే. రంగు బాగుంది, ఘాటు బాగుంది. ఎవరికి పెట్టినా తేడా కనుక్కోలేరు.

ఎక్కడికి బాబూ ఇది అని అడిగితే, "హోటళ్ళకండి, హాస్టళ్ళకండి, విడిగా అమ్మే కొట్లకండి" అన్నాడు. దాచాలని కూడా అనుకోలేదు. ఆ మిల్లులో నా కాయ పోయడానికి మనసొప్పక వెనక్కి తెచ్చేసుకున్నాను.

ఇంటికొచ్చినా అదే ఆలోచన. నేను వెనక్కి తెచ్చుకోగలిగాను. హాస్టల్లో తినే పిల్లకి ఆ వీలు లేదు కదా. గుంటూరులో ఉండి మిరపకాయ గురించి నాకు తెలిసింది ఇంతేనా అనిపించింది. తెలిసినవాళ్ళు చెప్పండి, మిర్చి యార్డుకి, అంటే మన ఊరి మిరప మార్కెట్‌కి వచ్చిన తాలు కాయ, బూజు కాయ ఎక్కడికి పోతుంది?

---

యార్డు గుమస్తా (శనివారం, రాత్రి 10:05)

మేడమ్, కమీషన్ కొట్లో 22 ఏళ్ళుగా పద్దులు రాస్తున్నాను. తెలిసింది చెబుతాను.

ముందు ఒక మాట. తాలు అంతా బూజు కాదు. ఎండ ఎక్కువై తెల్లబడిన కాయ తాలే, వైరస్ తగిలి రంగు రాని కాయ తాలే, కాయకుళ్ళు మచ్చలున్న కాయా తాలే. రంగు లేదు కాబట్టి వేరు చేస్తారు. ధర మేలు కాయలో సగం కూడా పలకదు. సీజన్ ముదిరినప్పుడు మా యార్డుకి ఒక్క రోజులో లక్షకు పైగా టిక్కీలు దిగుతాయి. టిక్కీ అంటే ఇంచుమించు 40, 45 కిలోల బస్తా. అంత సరుకులో ఏ టిక్కీ లోపల ఏముందో విరిచి చూసే తీరిక ఎవరికీ లేదు. కొనేవాడు టిక్కీలో చెయ్యి పెట్టి నాలుగు కాయలు తీస్తాడు. రంగు, పొడవు, ముడత చూస్తాడు, ఊపి గింజ చప్పుడు వింటాడు. ధర అక్కడే తేలిపోతుంది.

మీ ప్రశ్నకి జవాబు: ఇన్నేళ్ళలో తాలు కాయ ఒక్క టిక్కీ పారబోయడం నేను చూడలేదు. ప్రతి టిక్కీకి కొనేవాడు ఉన్నాడు. మిల్లు దాకా పోయిన తర్వాత ఏమవుతుందో మా పద్దులో ఉండదు.

---

సూక్ష్మదర్శిని (శనివారం, రాత్రి 11:40)

నేను గుంటూరులోనే ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను, సుగంధ ద్రవ్యాల శాంపిళ్ళు పరీక్షిస్తాం. కొంచెం వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మిరపకాయ సరిగ్గా ఆరకపోతే పట్టే బూజుల్లో ముఖ్యమైనది ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్. అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. ఈ సంగతి లోకానికి తెలిసింది 1960లో. ఇంగ్లండులో కొన్ని నెలల్లో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయాయి. కారణం వెతికితే బ్రెజిల్ నుంచి దాణాకని తెచ్చిన వేరుశెనగ పిండిలో ఈ బూజు బయటపడింది. అన్నిటికంటే బలమైన రకానికి బి1 అని పేరు. కాలేయ క్యాన్సర్ తెచ్చే పదార్థాల్లో దానిది మొదటి వరస. హెపటైటిస్ బి ఉన్న మనిషి ఒంట్లోకి ఇది చేరితే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

బ్రాడీపేట మేడమ్ చూసింది కంటికి కనబడిన బూజు. కనబడనిది ఇంకా కష్టం. బూజు దులిపేసినా విషం కాయలోనే ఉంటుంది. ఎండబెట్టినా, మరపట్టినా, తాలింపులో వేయించినా పోదు. మన పొయ్యి మీద వంటకి వచ్చే వేడి దాన్ని విరగ్గొట్టడానికి చాలదు.

ఇప్పుడు అసలు విషయం. ఐరోపా దేశాలకు పంపే మిరపలో బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు దాటకూడదు, అన్ని రకాల అఫ్లాటాక్సిన్లూ కలిపి 10 దాటకూడదు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. మన దేశంలో అమ్మే మసాలా దినుసులకి ఆ పరిమితులు 15, 30. ఎగుమతి సరుకుకి కేంద్ర ప్రభుత్వ స్పైసెస్ బోర్డు పరీక్ష తప్పనిసరి, దాని ల్యాబ్ మన ఊళ్ళోనే ఉంది. 2003లో ఐరోపాకి వెళ్ళిన మన కారంలో తిండిలో కలపకూడని సూడాన్ అనే రంగు బయటపడి సరుకు వెనక్కి వచ్చాక ఈ పట్టు బాగా బిగిసింది. అక్కడ తప్పిన లాట్‌ని ఓడ ఎక్కించరు. మరి ఇక్కడి కొట్లో అమ్మే కారాన్ని అలా లాట్ లాట్‌కీ ఎవరు చూస్తున్నారు? ఎప్పుడో ఒకసారి ఇన్‌స్పెక్టర్ శాంపిల్ తీస్తే చూసినట్టు.

ఒకే పొలం కాయ. ఓడ ఎక్కేదానికి ఒక జల్లెడ, ఊళ్ళో ఉండేదానికి ఇంకో జల్లెడ. రోజూ ఆ మెషీన్ ముందు కూర్చుంటాను కాబట్టి ఇది నన్ను బాగా కలచివేస్తుంది.

---

తెనాలి పెద్దాయన (ఆదివారం, ఉదయం 6:10)

అమ్మా, మీరంతా చదువుకున్నవాళ్ళు. కాదనను. నాకు 74 ఏళ్ళు. మా ఇంట్లో తాలు కాయ వేరు చేసి దాన్నే ఇంటికి వాడుకునేవాళ్ళం, మేలు కాయ అమ్ముకునేవాళ్ళం. రైతు ఇళ్ళన్నీ అంతే. మాకేం కాలేదు.

ఇంకో మాట. కడుపు నిండటం ముందు. మా నాయనమ్మ వాళ్ళ పెద్దల నోట విన్న నందన కరువు సంగతులు చెబుతుంటే అన్నం ముద్ద గొంతు దిగేది కాదు. 1832, 33లో గుంటూరు జిల్లాలో ఐదు లక్షల జనంలో రెండు లక్షల మంది పోయారని లెక్క. ఆకులూ వేర్లూ తిన్నారట. ఆ తర్వాతే కదా కృష్ణకి అడ్డంగా బెజవాడ దగ్గర ఆనకట్ట వచ్చింది, 1855కి పూర్తయింది. నీళ్ళొచ్చి పంట పండి మనం తిన్నాం. ముందు అందరికీ తిండి దొరకాలి, శుద్ధి సంగతి ఆ తర్వాత.

---

సింగ్‌నగర్ 2024 (ఆదివారం, ఉదయం 8:30)

పెద్దాయన గారూ, మీ వయసుకి నమస్కారం. "ఆ తర్వాత" అన్నారు చూడండి, దాని గురించి చెప్పాలని ఉంది.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. విజయవాడలో బుడమేరు వాగు పొంగి మా ఇంట్లోకి వచ్చింది. మాది కింది పోర్షన్. పై ఇంటివాళ్ళ మెట్ల మీద పిల్లల్ని పెట్టుకుని మూడు రోజులు ఉన్నాం. నీళ్ళు తీశాక ఇంట్లోకి వెళ్తే బియ్యం బస్తా ఉబ్బిపోయి ఉంది. కందిపప్పు, ఎండుమిరపకాయలు, చింతపండు, అన్నీ బురదలో. ఆ నీళ్ళు ఎలాంటివో చెప్పక్కర్లేదు, డ్రైనేజీ అంతా అందులోనే.

ప్రభుత్వం తర్వాత 25 కిలోల బియ్యం, పప్పు, నూనె, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఇచ్చింది. అది నిజం, కాదనకూడదు. కానీ అవి చేతికొచ్చేదాకా మా వీధిలో చాలామంది తడిసిన బియ్యం కడిగి డాబాల మీద ఆరబోశారు. మేమూ ఆరబోశాం. మిరపకాయలు కూడా. పారేయమని టీవీలో చెబుతున్నారు. ఏది కొనుక్కుని పారేయాలి? పనికి పోలేదు, చేతిలో రూపాయి లేదు. వారం తిరిగేసరికి మా చిన్నదానికి విరేచనాలు, నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. బియ్యం వల్లా, నీళ్ళ వల్లా అంటే నేను చెప్పలేను.

నాకు తెలిసింది ఒక్కటి. కడుపు నిండటం, శుభ్రంగా తినటం ముందూ వెనకా వచ్చేవి కావండి. చేతిలో డబ్బులేనప్పుడు రెండూ ఒకేసారి పోతాయి.

---

తెనాలి పెద్దాయన (ఆదివారం, ఉదయం 9:02)

తల్లీ, పాప ఇప్పుడు బాగుందా?

---

సింగ్‌నగర్ 2024 (ఆదివారం, ఉదయం 9:10)

బాగుంది తాతగారూ. రెండో తరగతి.

---

సూక్ష్మదర్శిని (ఆదివారం, ఉదయం 10:25)

పెద్దాయన గారి "మాకేం కాలేదు" అన్న మాటకి నా వైపు నుంచి కొంచెం. ఈ బూజు విషం రెండు రకాలుగా దెబ్బ కొడుతుంది. కొద్దికొద్దిగా ఏళ్ళ తరబడి లోపలికి పోతే కాలేయం మీద పడుతుంది. అది ఎప్పటికో బయటపడుతుంది కాబట్టి ఫలానా కారం వల్ల అని ఎవరూ చెప్పలేరు. ఒక్కసారిగా ఎక్కువ పోతే మాత్రం వారాల్లో ప్రాణం తీస్తుంది.

1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు పల్లెల్లో, పంచమహల్, బన్స్‌వాడా వైపు, ఇలాగే జరిగింది. కామెర్లు వచ్చి పొట్ట ఉబ్బి దాదాపు 400 మంది మంచాన పడితే 106 మంది చనిపోయారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వెళ్ళి చూస్తే, అకాల వర్షానికి తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తేలింది. ఇంట్లో తిండే పెట్టిన కుక్కలకీ అదే జబ్బు. కెన్యాలో 2004లో మళ్ళీ అదే మొక్కజొన్న, అదే బూజు, 125 మంది మరణం. ఈ రెండు చోట్లా పోయినవాళ్ళు సొంత పొలంలో పండిన గింజ తప్ప ఇంకోటి కొనుక్కోలేని పేదవాళ్ళు. వాళ్ళకి అది చెడిందని తెలియదని నేను అనుకోను. ఇంట్లో ఇంకేం లేదు.

భయపెట్టడానికి రాయడం లేదు. మొక్కజొన్న తినేవాళ్ళు రోజుకి పావుకిలో, అరకిలో తింటారు, కారం మనం తినేది కొద్ది గ్రాములు. కాబట్టి మిరపతో ఆ స్థాయి ప్రమాదం రాదు. కానీ అదే బూజు వేరుశెనగలోనూ ఉంటుంది, అంటే పిల్లల పల్లీ చిక్కీలో ఉండొచ్చు. బూజు పట్టిన వేరుశెనగ చెక్క తిన్న గేదె పాలలోకి వేరే రూపంలో దిగుతుంది. అన్నీ కలిపి ఒకే కాలేయం మోయాలి.

---

ప్రత్తిపాడు మిరప (ఆదివారం, మధ్యాహ్నం 2:15)

రైతుని. నా కొడుకు ఈ చర్చ చూపించాడు. కాయ మీద మాట పడుతోంది కాబట్టి కల్లంలో ఏం జరుగుతుందో కూడా వినండి.

పండు కాయ కోసినప్పుడు నాలుగు కిలోలు ఉంటే ఎండాక కిలో మిగులుతుంది. మిగతాదంతా నీళ్ళు. ఆ నీళ్ళు పోవాలంటే మంచి ఎండలో పది పదిహేను రోజులు కల్లంలో పోసి, రోజూ కలియబెట్టి, సాయంత్రం కుప్ప చేసి కప్పాలి. తేమ నూటికి పది, పదకొండుకి దిగితే కాయ నిలవుంటుంది. ఫిబ్రవరి, మార్చిలో ఒక్క రాత్రి వాన పడిందా, కుప్ప అడుగున ఉన్న కాయ వేడెక్కి బూజు పడుతుంది. నేల మీద పోసిన కాయకి ఇంకా తొందరగా పడుతుంది. కింద టార్పాలిన్ పట్టా వేస్తే బాగుంటుంది. ఎకరం కాయకి ఎన్ని పట్టాలు కావాలో, ఎంతవుతుందో కొన్నవాడికే తెలుసు.

ఇంకో సంగతి. బాగా ఎండిన కాయ పెళుసుగా ఉంటుంది, టిక్కీలో తొక్కితే విరుగుతుంది. విరిగిన కాయకి ధర రాదు. అందుకని టిక్కీ కట్టే ముందు రాత్రి మంచులో వదిలి కాయని మెత్తబరుస్తాం. పది రోజులు కష్టపడి పోగొట్టిన తేమ ఒక్క రాత్రిలో కొంత తిరిగొస్తుంది. అది తప్పని నాకు తెలుసు. కానీ యార్డులో రంగుకి ధర ఉంది, పొడవుకి ధర ఉంది, పట్టా మీద శుభ్రంగా ఆరబెట్టినదానికి ఒక్క రూపాయి ఎక్కువ ఇచ్చినవాణ్ణి నేను చూడలేదు.

2021-22లో నల్ల తామర పురుగు వచ్చి పూత మొత్తం రాలగొట్టింది. కౌలు కట్టాలి, మందుల కొట్టు అప్పు కట్టాలి. ఆ ఏడు చేతికొచ్చిన ప్రతి కాయా, తాలైనా సరే, అమ్ముకున్నాను. పారబొయ్యమని ఎవరైనా అనుంటే తిట్టేవాణ్ణి. అప్పు ఇచ్చిన కొట్టుకే సరుకు తోలాలి, వాళ్ళు ఎప్పుడు తెమ్మంటే అప్పుడు తోలాలి. ఇంకో నాలుగు రోజులు ఆరనిద్దాం అనే మాట మా చేతిలో ఉండదు.

---

యార్డు గుమస్తా (ఆదివారం, మధ్యాహ్నం 2:50)

ప్రత్తిపాడు అన్న చెప్పింది అక్షరాలా నిజం. మా కొట్లోనూ అంతే.

---

తొడిమల ఇల్లు (ఆదివారం, రాత్రి 9:45)

రాయాలా వద్దా అని పొద్దున్నుంచి అనుకుంటున్నాను.

మా అమ్మ తొడిమలు తీస్తుంది. కోల్డ్ స్టోరేజీల వైపు షెడ్లలో. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అదే పని. బడి లేని రోజున నేనూ, అక్కా వెళ్ళి కూర్చునేవాళ్ళం. సాయంత్రానికి వేళ్ళు మండిపోయేవి. రాత్రి అన్నం కలుపుకోవాలంటే భయం, చెంచాతో తినేవాళ్ళం. తుమ్ములు, దగ్గు సరేసరి.

పని అయ్యాక షెడ్డు ఊడిస్తే గింజలు, విరిగిన ముక్కలు, తాలు మిగుల్తాయి. అవి మా అమ్మవాళ్ళకి ఇచ్చేవాళ్ళు, కూలి కాక. అమ్మకి అది పెద్ద సంతోషం. ఏడాదంతా కారం కొనక్కర్లేదు కదా. ఇంటికి తెచ్చి చేటలో చెరిగి, దుమ్ము పోగొట్టి, రోట్లో దంచేది. నాకు పదిహేడేళ్ళు వచ్చేదాకా మేం తిన్నది ఆ కారమే. ఎర్రగా ఉండేది కాదు, కాస్త మట్టి రంగు. ముక్కిన వాసన వచ్చేది. కారం అంటే అలాగే ఉంటుందనుకున్నాను. హాస్టల్‌కి వచ్చాక స్నేహితురాలి ఇంటి నుంచి తెచ్చిన కారప్పొడి మొదటిసారి తిని ఆశ్చర్యపోయాను.

ఇప్పుడు విజయవాడలో నర్సింగ్ మూడో ఏడు చదువుతున్నాను. కాలేయం గురించి పాఠం వచ్చిన రోజు అఫ్లాటాక్సిన్ అన్న మాట పుస్తకంలో చూశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా నాన్న కాలేయం చెడిపోయి చనిపోయాడు. తాగేవాడు కాదు. కారం వల్లే అని నేను అనను, ఎవరూ అనలేరని సూక్ష్మదర్శిని గారు రాశారు కదా, మా మేడమ్ కూడా అదే చెప్పింది. కానీ అడగకుండా ఉండలేను.

మీ అందరిలో ఆ కాయ ఎక్కడికి పోతుందని మొదట అడిగిన బ్రాడీపేట మేడమ్‌కి థాంక్స్. కొంత మా ఇంటికి వచ్చింది మేడమ్.

---

బ్రాడీపేట వంటిల్లు (ఆదివారం, రాత్రి 10:20)

అమ్మా, ఇది చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. మేం డబ్బు పడేసి "తొడిమ తీసిన కాయ" అని కొనుక్కుంటాం. తీసిన చేతుల గురించి ఒక్కసారి ఆలోచించలేదు. అమ్మ ఇప్పటికీ అదే పనికి వెళ్తున్నారా? ఇంట్లో ఆ కారం ఆపేశారా?

---

తొడిమల ఇల్లు (ఆదివారం, రాత్రి 10:31)

వెళ్తోంది. గింజలు తేవద్దని చెప్పాను. "ఊరికే వచ్చేది వదులుకుంటామా" అంటుంది.

---

దుగ్గిరాల పసుపు (సోమవారం, ఉదయం 7:40)

మా ఊళ్ళో పసుపు యార్డు ఉంది కాబట్టి పక్క విషయం ఒకటి చెబుతాను, ఇక్కడ పనికొస్తుందనే రాస్తున్నా.

బంగ్లాదేశ్‌లో పసుపు కొమ్ము మెరవడానికి లెడ్ క్రోమేట్ అనే పసుపుపచ్చ పొడి పూసేవాళ్ళు. అది సీసం. పిల్లల బుర్ర ఎదగనివ్వదు. గర్భిణుల రక్తంలో సీసం ఎందుకు ఎక్కువగా ఉందో వెతుకుతూ పోయిన పరిశోధకులు చివరికి వంటింటి పసుపు దగ్గర తేలారు. 2019లో అది బయటపెట్టాక అక్కడి ప్రభుత్వం పేపర్లలో, టీవీలో చెప్పించింది, మార్కెట్లలో నోటీసులు అంటించింది. ఢాకా హోల్‌సేల్ మార్కెట్‌కి చేతిలో పట్టుకునే ఎక్స్‌రే మెషీన్‌తో వెళ్ళి అక్కడికక్కడే పరీక్షించి, దొరికినవాళ్ళకి జరిమానా వేసి సరుకు పట్టుకున్నారు. 2019లో మార్కెట్ శాంపిళ్ళలో నూటికి 47 సీసం ఉన్నవి. 2021కి ఒక్కటీ లేదు. రెండేళ్ళలో!

మనకంటే ధనిక దేశమేం కాదు. అందుకే "మన దగ్గర ఇవన్నీ జరగవులే" అంటే నేను ఒప్పుకోను. అక్కడ వాళ్ళు మొదట చూసింది ఇంట్లో తినే పసుపుని.

---

సూక్ష్మదర్శిని (సోమవారం, మధ్యాహ్నం 1:15)

బంగ్లాదేశ్ సంగతి రాసినందుకు చాలా సంతోషం. బూజు విషానికి చేతి మెషీన్‌తో అంత సులువుగా జరగదు. ఒక్క టిక్కీలో పది కాయల్లోనే విషమంతా ఉండొచ్చు, మిగతాది శుభ్రంగా ఉండొచ్చు. అందుకే చాలా చోట్ల నుంచి కాయ తీసి, అంతా పొడి చేసి కలిపి, అప్పుడు పరీక్షించాలి. కానీ తేమ కొలవడం చాలా తేలిక. తేమ మీటర్ చేతిలో పట్టుకునేదే. యార్డు గేటు దగ్గర తేమ చూసి, బాగా ఆరిన కాయకి కొంచెం ఎక్కువ ధర కడితే ప్రత్తిపాడు రైతన్న కాయని మంచులో పెట్టాల్సిన అవసరమే ఉండదు. బూజుని పొడిలో వెతకడం కంటే కల్లంలో ఆపడం చవక.

నీళ్ళ గ్లాసులో కారం వేసి చూసే ఇంటి పరీక్ష గురించి ఒకరు నాకు మెసేజ్ పెట్టారు. ఇటుక పొడి అడుక్కి దిగితే తెలుస్తుంది, నీళ్ళలో కరిగే రంగు చారలుగా దిగితే తెలుస్తుంది. సూడాన్ రంగు నూనెలో కరిగేది కాబట్టి నీళ్ళలో బయటపడదు. అఫ్లాటాక్సిన్ అసలే తెలియదు.

---

బడి వంట (సోమవారం, సాయంత్రం 5:30)

నమస్తే అండి. వాయిస్ టైపింగ్‌లో చెబుతున్నా, తప్పులుంటే మా అమ్మాయి సరిచేస్తుంది. గుంటూరు పక్క పల్లెలో బడి పిల్లలకి మధ్యాహ్నం వంట చేస్తాను. నేను, ఇంకో ఇద్దరు.

బియ్యం, గుడ్లు, చిక్కీలు వేరుగా వస్తాయి. మిగతావి మేం కొనాలి. కూరగాయలు, పప్పు, నూనె, చింతపండు, ఉప్పు, కారం, పసుపు. 2025 మే నుంచి కేంద్రం పథకం రేటు చిన్న తరగతుల పిల్లకి రోజుకి 6 రూపాయల 78 పైసలు, పెద్ద తరగతులకి 10 రూపాయల 17 పైసలు. అందులో అన్నీ రావాలి. పైగా బిల్లు నెలనెలా రాదు. అప్పటిదాకా కొట్లో అరువు.

ప్యాకెట్ కారం మంచిదని నాకు తెలుసు. అరువు పెట్టిన కొట్లో "అన్నా, ఆ కారం వద్దు, మంచిది ఇవ్వు" అని గట్టిగా అనలేం. ఆయన విడి కారం పొట్లం కట్టిస్తే తీసుకుంటాం. నేను చేతిలో వేసుకుని వాసన చూస్తాను. ముక్కిన వాసన వస్తే వెనక్కి ఇచ్చేస్తాను, రెండుసార్లు ఇచ్చాను. మూడోసారి ఆయన ముఖం మాడ్చుకున్నాడు. నా మనవడు అదే బళ్ళో తింటాడండి. ఇవన్నీ చదివించుకున్నాక ఇవాళ కూరలో కారం వేస్తుంటే చెయ్యి ఆడలేదు.

---

తెనాలి పెద్దాయన (సోమవారం, సాయంత్రం 6:20)

నిన్న నేను రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. మేం తాలు ఇంటికి ఉంచుకున్నది మా ఇష్టంతో. ఈ తల్లులకి అలాంటి ఇష్టం ఎక్కడుంది? తొడిమల ఇంటి అమ్మాయి రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. ఏడ్చింది.

చట్టంలో దారేమీ లేదా?

---

యార్డు గుమస్తా (సోమవారం, రాత్రి 8:10)

ఉంది పెద్దాయనా. మా అబ్బాయి లా చదువుతున్నాడు, చూసి చెప్పాడు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో 40వ సెక్షన్. మామూలు కొనుగోలుదారు కూడా తాను కొన్న వస్తువుని ఫుడ్ ఎనలిస్ట్‌కి ఇచ్చి, ఫీజు కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. కాకపోతే కొనేటప్పుడే కొట్టువాడికి "దీన్ని పరీక్షకి ఇస్తున్నాను" అని చెప్పాలి. తేడా ఉందని రిపోర్టు వస్తే కట్టిన ఫీజు తిరిగిస్తారు.

ఇంకోటి కూడా చెప్పాడు, నాకే తెలియదు ఇన్నేళ్ళూ. పొడి చేసిన మసాలాలు ప్యాక్ చెయ్యకుండా విడిగా అమ్మకూడదని 2011 నిబంధనల్లోనే ఉంది. గోతాల్లో పోసి అమ్మే కారం నిబంధన ప్రకారం అమ్మకూడనిదే.

---

సింగ్‌నగర్ 2024 (సోమవారం, రాత్రి 8:45)

నిబంధన మంచిదే అన్నా. కానీ రేపు విడి కారం ఆపేస్తే యాభై గ్రాములు, పది రూపాయల పొట్లం కొనుక్కునే మాలాంటివాళ్ళు ఏం చెయ్యాలి? చిన్న ప్యాకెట్‌లో కిలో లెక్కన చూస్తే ధర చాలా ఎక్కువ పడుతుంది. ఆపడం ఒక్కటే చేస్తే మళ్ళీ మా మీదే పడుతుంది. రేషన్ షాపులో బియ్యంతో పాటు పరీక్ష చేసిన కారం, పసుపు చిన్న ప్యాకెట్లలో ఇస్తే నేను లైన్లో నిలబడి కొంటాను.

---

బ్రాడీపేట వంటిల్లు (గురువారం, మధ్యాహ్నం 12:40)

ఇవాళ నేను వెళ్ళాను. పేరు రాయను, విడిగా కారం అమ్మే ఒక కొట్టు. అరకిలో కట్టమన్నాను. కట్టాడు. డబ్బు చేతిలో పట్టుకుని, గుమస్తా గారు చెప్పినట్టే, "ఇది పరీక్షకి పంపిస్తున్నానండి, మీకు చెప్పాలట" అన్నాను. మర్యాదగానే అన్నాను.

పొట్లం నా ముందు నుంచి తీసేసి, విప్పి, మళ్ళీ గోతాంలో పోసేశాడు. "అయితే మీకు అమ్మనండి" అన్నాడు.

నా వెనక ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. అదే గోతాంలోంచి వాళ్ళకి కట్టిచ్చాడు. నేను వాళ్ళతో మాట్లాడబోయాను. ఒకావిడ విని, "మాకు పనికి టైమైపోతోందమ్మా" అని పొట్లం తీసుకుని వెళ్ళిపోయింది.

ఫుడ్ సేఫ్టీ యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. ఏం జరిగితే అది ఇక్కడే రాస్తాను.

---

సూక్ష్మదర్శిని (గురువారం, మధ్యాహ్నం 1:30)

మేడమ్, ఫిర్యాదు నంబరు జాగ్రత్తగా ఉంచుకోండి.

---

ప్రత్తిపాడు మిరప (గురువారం, రాత్రి 8:00)

బడి వంట అక్కకి. నీకు ఏడాదికి ఎంత కారం పడుతుంది?

---

బడి వంట (గురువారం, రాత్రి 8:25)

పిల్లలు 60 మంది అన్నా. నెలకి రెండు కిలోల లోపే. సెలవులిస్తే మళ్ళీ బడి తెరిచేదాకా అక్కర్లేదు కానీ ఇప్పుడే కొనిపెట్టుకుంటే మంచిది. చేతిలో డబ్బు లేదు, బిల్లు రాలేదు.

---

ప్రత్తిపాడు మిరప (గురువారం, రాత్రి 8:40)

బిల్లు వచ్చాకే ఇద్దువుగాని. ఆఖరి కోత కల్లంలో ఉంది. ఈసారి పట్టాలు వేశాను. 25 కిలోల కాయ పక్కన పెడతాను, మంచులో పెట్టను. విరిగితే విరగనీ, నువ్వు ఎటూ పొడి కొట్టించేదే కదా. మంగళవారం ఎత్తుతున్నా, గోతాం తెచ్చుకో.

తొడిమ తియ్యడానికి నా దగ్గర మనుషులు లేరు. అది చూసుకోవాలి.

---

తొడిమల ఇల్లు (గురువారం, రాత్రి 9:15)

మా అమ్మ తీస్తుంది. ఇప్పుడే ఫోన్‌లో అడిగాను. కూలి తీసుకుంటుంది, గింజలు వద్దంది.